ఎదురొచ్చే సోడా

ఆమె పోయిన రోజు మా వీధిలో అందరి నోటా వచ్చిన మొదటి మాట "పాపం". బతికుండగా ఆ మాట అన్నవాళ్ళకి ఆమె సోడా ఇచ్చేది కాదు. "పాపం, పుణ్యం గుళ్ళో చూసుకోండి. నా దగ్గర గ్యాసూ ఉప్పూ తప్ప ఏమీ దొరకవు" అని చాచిన చేతిలోంచి సీసా వెనక్కి లాక్కునేది. అందుకని ఇది రాసేటప్పుడు ఆ మాట దరిదాపులకి రాకుండా జాగ్రత్తపడుతున్నాను.

పేరు రాయను. ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల అందరికీ ఆమె సోడామ్మ. వయసులో చిన్నవాళ్ళకి అత్త. నన్ను అన్నయ్యా అనేది, మా ఆవిడని వదినా అనేది. మా ఇంటి వెనక వాటాలో అద్దెకుండేది.

నేను యార్డులో తూకాల దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి. డైరీ రాయడం చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఎండా వానా, బావిలో నీళ్ళు, మిర్చి ధర, ఇంటికొచ్చినవాళ్ళు, ఇంతే ఉంటుంది అందులో. పత్తిని పచ్చపురుగు తినేసిన ఆ ఏడు వేసవిలో ఒక రోజు పేజీలో ఇలా ఉంది: "వెనక వాటాలో కొత్త మనిషి దిగింది. సామాను ఒక ట్రంకు పెట్టె, రెండు బిందెలు, ఒక ఇనప యంత్రం." ఆ యంత్రం ఏమిటని నేను అడగలేదు. మర్నాడు తెల్లవారుతూనే పెరట్లో ఢామ్మని చప్పుడయి మా ఆవిడ చేతిలోని పాలగిన్నె జారవిడిచింది. వెనక వసారాలోంచి గొంతు వినిపించింది.

"ఏం లేదు వదినా! ఒక సీసాకి కోపం వచ్చింది. అంతే."

చిలకలూరిపేట వైపు పల్లెటూరు ఆమెది. భర్త పోయాడు, చేను పోయింది. ఎలా పోయాయో ఆమె చెప్పలేదు, ఆ సంవత్సరాల్లో ఆ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మూతపడ్డ ఒక సోడా కొట్టు నుంచి ఆ యంత్రాన్నీ, కొన్ని గోలీ సీసాలనీ తెచ్చుకుంది. యంత్రం అంటే ఇనప చట్రం. అందులో సీసాలు బిగించే గూళ్ళు, పక్కన గ్యాసు సిలిండరు, తిప్పడానికి ఒక పిడి. కుండలో చల్లారిన నీళ్ళు సీసాల్లో పోసి, గూళ్ళలో బిగించి, గ్యాసు వదిలి పిడి తిప్పితే సీసాలు పల్టీలు కొడతాయి. గ్యాసు నీళ్ళలో కలుస్తుంది. లోపలి గోలీ సీసా మెడలోని రబ్బరు ఉంగరానికి ఎగదన్ని అతుక్కుంటుంది. ఇక నొక్కేదాకా కదలదు. పేలితే గాజుముక్కలు ఎగరకుండా చట్రం మీద తడి గోనెపట్టా కప్పేది.

దించిన ప్రతి సీసానీ చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపేది. గోలీ గలగలమంటే గ్యాసు నిలవలేదన్నమాట. ఆ నీళ్ళు మా గోరింట మొదట్లో పారబోసేది. నిలిచిన సీసాల్లో మొదటిది తనే తాగేది. ఈ నియమం ఒక్కనాడూ తప్పలేదు. నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని తాగేది. తర్వాత తేన్పు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ తేన్పు వీధికంతా వినపడేది.

"ఆడమనిషివి, కాస్త నెమ్మదిగా తేన్చలేవూ?" అనేది మా ఆవిడ.

"లోపల పెట్టుకోడానికి అదేమన్నా బంగారమా వదినా?" అనేది సోడామ్మ.

ఆమె సోడా తాగేవాళ్ళు ముఖ్యంగా కోల్డ్ స్టోరేజీ ఆవరణలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు. గాలి ఆడని షెడ్డులో, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కాయల గుట్టల ముందు కూర్చుంటారు. చెమట ధారగా పోతుంది. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి, గొంతు ఘాటుతో మండిపోతుంది. ఉప్పు కలిపిన సోడా తాగితే ప్రాణం లేచొచ్చేది. కానీ వాళ్ళకో చిక్కుంది. గోలీని బొటనవేలితో నొక్కితే వేలికున్న కారం సీసా మూతికంటుతుంది. మూతి నుంచి పెదాలకి. మొదటి రోజు ఒకామె సోడా తాగి పెదాలు పట్టుకుని గెంతిందట. సోడామ్మ ఆ సాయంత్రమే వేపకొమ్మ తెచ్చి, ముక్కలుగా కోసి, బొడిపెల్లా చెక్కి, తాళ్ళు కట్టింది. గోలీ నొక్కే చెక్కలు. తొడిమలు తీసే ప్రతి మనిషి నడుముకీ ఒకటి వేలాడదీసింది. గుంటూరులో గోలీ సోడా చాలా చోట్ల దొరికేది. నడుముకి చెక్క కట్టుకుని తాగేవాళ్ళు మాత్రం ఆ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరే ఉండేవాళ్ళు.

వాళ్ళలో ఒక పిల్ల ఉండేది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చింది. ఇరవై దాటి ఉంటాయి. భర్త పోయి ఏడాది కాలేదు. పెద్ద గేటు నుంచి పొద్దున్నే లారీలు బయల్దేరతాయని, ఎవరికీ ఎదురు రాకూడదని, చుట్టూ తిరిగి పక్కనున్న చిన్న గేటు నుంచి లోపలికి వచ్చేది. లారీలన్నీ వెళ్ళేదాకా గోడ వెనక నిలబడేది. ఆ అమ్మాయి నడుముకి చెక్క కట్టబోయి సోడామ్మ ఆగింది. ఏమనుకుందో, తాడు పొడుగు చేసి మెడలో వేసింది.

"బోసిగా ఉన్నావే. ఇది వేసుకో. ఇది తాగదు, తన్నదు, తెగదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. కానీ తీసెయ్యనూ లేదు. మేమందరం ఆ పిల్లని పక్కగేటు అమ్మాయి అనేవాళ్ళం.

సోడామ్మకి పక్క గేటు తెలియదు. భర్త పోయిన మనిషి పొద్దున్నే ఎదురైతే ప్రయాణం చెడుతుందని మా వైపు లారీ డ్రైవర్లకి గట్టి నమ్మకం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి మరీ బయల్దేరతారు. సరిగ్గా ఆ వేళకే ఆమె సోడా పెట్టె నెత్తిన పెట్టుకుని పెద్ద గేటులోకి ఎదురు నడిచేది. డ్రైవరు బ్రేకు వేసి తల పట్టుకునేవాడు.

"అబ్బా, ఏంటత్తా, పొద్దున్నే!"

"ఎదురొచ్చానా? ఎదురొస్తే ఏం చెయ్యాలో మీ అమ్మ నేర్పలేదురా? దిగు. కాసేపు కూర్చో. గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరు. దోషం పోయిద్ది. నీళ్ళు నా దగ్గరున్నాయి, గ్యాసు కూడా ఉంది."

శకునం చెడితే వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరడం అందరి ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే. కాదనడానికి లేదు. వాళ్ళు గొణుక్కుంటూ దిగి, గేటు పక్క దిమ్మ మీద కూర్చుని సోడా తాగేవాళ్ళు. కొందరికి అది అలవాటైపోయింది. ఆమె కనపడకపోతే హారన్ కొట్టేవాళ్ళు.

ఇది కొన్నేళ్ళు నడిచింది. తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో టై, చంకలో ఫైలు. ఏదో పెద్ద కూల్‌డ్రింకు కంపెనీ ఏజెంటు. గేటు ఎదురుగా ఉన్న టీకొట్టుకి ఎర్రటి ఫ్రిజ్ ఇస్తామన్నాడు. ఆ చుట్టుపక్కల వేరే సోడాలు అమ్మకూడదన్నది షరతు. టీకొట్టు యజమాని ఒప్పుకున్నాడు. కానీ సోడామ్మ టీకొట్టులో ఉండే మనిషి కాదు కదా, గేటులో నడిచే మనిషి. ఆ కుర్రాడు ఆమె దగ్గరకే వచ్చాడు. నేను ఆ రోజు పాత స్నేహితుణ్ణి చూడటానికి అటు వెళ్ళి అక్కడే ఉన్నాను.

"అమ్మా, మీది మామూలు నీళ్ళు. ఇప్పుడందరూ మినరల్స్ ఉన్న నీళ్ళే తాగుతున్నారు. మీ సోడాలో ఏ మినరల్స్ ఉన్నాయి, చెప్పండి చూద్దాం."

సోడామ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. "అవేంటో నాకు తెలవదు. తెలుసుకుని రేపు చెప్తా. నువ్వు మాత్రం రేపు రావాల."

ఆ సాయంత్రం కంపెనీ మంచినీళ్ళ సీసా ఒకటి కొని నా దగ్గరకి తెచ్చింది. "అన్నయ్యా, దీని మీద ఏం రాశారో చదివి పెట్టండి."

చదివాను. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, బైకార్బొనేట్.

ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇవేనా! ఇవి మేం చేలో చల్లినవేగా. పత్తాకు ఎర్రబడితే మెగ్నీషియం కొట్టేవాళ్ళం. ఆకు పచ్చగా తిరిగేది. కాయ ఊరడానికి పొటాష్ వేసేవాళ్ళం. చేనుకి పోసినన్నాళ్ళూ పోశాం, మనుషులకి కూడా పోయాలని తట్టలేదు చూడండి."

ఏదో హాస్యమాడుతోంది అనుకున్నాను. మర్నాడు పొద్దున్న వసారాలోకి వెళ్ళేసరికి యంత్రం పక్కన ఎరువుల కొట్టు సంచి కనిపించింది. మెగ్నీషియం సల్ఫేట్. మొదటి సీసా అప్పటికే ఆమె కడుపులో ఉంది. ఆ రోజు ఆమె గేటుకి వెళ్ళలేదు. చెంబు పట్టుకుని పెరటి చివరకీ వసారాకీ తిరుగుతూనే ఉంది. మా ఆవిడ మజ్జిగలో ఉప్పేసి ఇస్తూ తిట్టిన తిట్లు నేను రాయను.

"పత్తికి పడింది, నాకు పడలేదు" అంది సోడామ్మ గోడకానుకుని. చెంబు కింద పెట్టి, "ఎవరికీ పొయ్యకముందే తాగా, అది నయం" అంది.

చేనుకి వేసేది మనిషి నోట్లోకి పోకూడదని నేను గట్టిగా చెప్పాను. ఆ సంచి తీసుకెళ్ళి ఎరువుల కొట్టులోనే తిరిగి ఇచ్చేశాను. మందుల షాపు నడిపే స్నేహితుణ్ణి అడిగి, తినడానికి పనికొచ్చే రకాలు తెచ్చిపెట్టాను. తినే సోడా, ఉప్పు, మెగ్నీషియం చిటికెడు, పొటాషియం అంతకన్నా తక్కువ. దాచుకున్న నా చిన్న త్రాసు మీద తూచి కాగితం పొట్లాలు కట్టాను. ఆమెకి త్రాసు నచ్చలేదు. "నాలుకుండగా ఇదెందుకు?" అనేది. కానీ ఆ చెంబు రోజు గుర్తుండి, పొట్లాలే వాడింది. కాల్షియానికి మాత్రం ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి ఆమే తాంబూలం సున్నం తెచ్చింది. నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పై తేట వంచింది.

ఆ సున్నపుతేట కలిపిన సీసాల్ని బిగించి పిడి తిప్పింది. ఇద్దరం గోనెపట్టా పక్కకి లాగి తొంగి చూశాం. లోపల నీళ్ళు పలచటి పాలలా తెల్లగా అయిపోయాయి.

"పాడైపోయింది. ఆపెయ్యి" అన్నాను.

ఆమె ఆపలేదు. ఆపకపోవడం ఆమె స్వభావం, అంతే. అందులో తెలివేమీ లేదు. పళ్ళు బిగించి ఇంకా తిప్పింది, ఇంకా తిప్పింది. మెల్లగా సీసాలో తెలుపు పలచబడింది. కాసేపటికి నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. ఎందుకలా అవుతుందో పుస్తకాల్లో ఉంటుంది. గ్యాసు తక్కువైతే సున్నం విరుగుతుంది, ఎక్కువైతే మళ్ళీ కరుగుతుంది. ఆ క్షణాన మాకు పుస్తకాలు గుర్తురాలేదు. ఆమె నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని నవ్వింది.

"చూశారా అన్నయ్యా? మధ్యలో ఆపితే తెల్లమొహమే. ఇంకా తిప్పాల."

తర్వాత ఆ మాట ఆమెకి ఊతపదం అయింది. పిల్లాడు పరీక్ష తప్పాడని ఏడ్చే తల్లికీ అదే చెప్పేది, ముసురు ఆగడంలేదని విసుక్కునే మా ఆవిడకీ అదే చెప్పేది. సందర్భం కుదిరిందా లేదా చూసుకునేది కాదు.

కొత్త సోడా తాగాక మధ్యాహ్నాలు పిక్కలు పట్టడం తగ్గిందని ఆడవాళ్ళు చెప్పారు. అది సోడా గొప్పో, వాళ్ళ నమ్మకమో నాకు తెలియదు. రుచి మాత్రం నాకు తెలుసు. మొదట ఉప్పగా తగిలి, తర్వాత నాలుక వెనకాల ఒక చిరు చేదు, చివర్లో చల్లగా ఏదో తీపి కాని తీపి. ఇస్త్రీ చొక్కా కుర్రాడికి కూడా పిలిచి ఇచ్చింది. "కాల్షియం, మెగ్నీషియం, ఇంకా మిగతా చుట్టాలందరూ ఉన్నారు. తాగు అబ్బాయ్." అతను తాగలేదు. నేరుగా కోల్డ్ స్టోరేజీ మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

మర్నాటి సాయంత్రం, ఆడవాళ్ళు ఇళ్ళకి బయల్దేరే వేళ, మేనేజరు గేటు దగ్గరకి వచ్చాడు. జరిగింది ఆమే నాకు అదే సాయంత్రం చెప్పింది. తర్వాత పదిమంది చెప్పారు, ఒక్క మాట తేడా లేదు.

"రేపటి నుంచి నువ్విక్కడ కనపడొద్దు" అన్నాడు మేనేజరు.

"ఏం బాబూ, నా సోడాలో పురుగు పడిందా?"

"సోడా గొడవ కాదు. మొన్న మన సరుకు తీసుకెళ్ళిన లారీకి దారిలో యాక్సిల్ విరిగింది. పొద్దున్నే నీ మొహం చూసి పోతున్నారని అంటున్నారు."

"ఎవరంటున్నారు? డ్రైవర్లా, టై కట్టిన పిల్లోడా?"

"ఎవరైతే ఏంటి! నీలాంటి మనిషి గేటులో ఎదురు రాకూడదు, అంతే."

అప్పుడామె అన్న మాట యార్డులో చాలాకాలం తిరిగింది. "నా మొహం చూస్తే యాక్సిల్ విరిగిద్దా? అయితే ఇక్కడెందుకు బాబూ నేను! నన్ను మిలట్రీకి ఇవ్వండి. సరిహద్దులో నిలబెట్టండి. ట్యాంకులొస్తే చూసుకుంటా."

నవ్వులాటగా చెప్పింది కానీ ఇంటికొచ్చాక నవ్వలేదు. వసారాలో యంత్రం పక్కన కూర్చుని పిడిని ఊరికే అటూ ఇటూ కదుపుతూ ఉంది. ఆ గేటు పోతే ఆమెకి ఇంకేమీ లేదని నాకు తెలుసు. వేరే చోట అమ్ముకోవచ్చు కదా అన్నాను.

"చేనొదిలి వచ్చా. ఊరొదిలి వచ్చా. ఇక వదలడానికి నా దగ్గర జాగా లేదన్నయ్యా" అంది. తర్వాత లేచి కుండల్లో నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది. మామూలుగా పోసేదానికంటే చాలా ఎక్కువ పోసింది.

పొద్దున్న నేనూ వెళ్ళాను. మా ఆవిడ కూడా వస్తానంది. మేం వెళ్ళేసరికి తొడిమలు తీసే ఆడవాళ్ళందరూ షెడ్డులోకి పోకుండా పెద్ద గేటు దగ్గరే గుమిగూడి ఉన్నారు. సోడామ్మ పెట్టెలు దింపి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"మీలో మొగుడు పోయినవాళ్ళు చేతులెత్తండే."

కారంతో ఎర్రబడ్డ చేతులు లేచాయి. సగం కన్నా ఎక్కువే. ఏ చేలు ఎందరిని మింగాయో నేనెప్పుడూ లెక్క తీయలేదు, ఆ చేతుల్ని చూశాక తీయాలనిపించలేదు. లేచిన చేతుల్లో ఒకటి చూసి సోడామ్మ కేకేసింది.

"ఏమేవ్, నీ మొగుడు ఉన్నాడు కదే!"

"ఉన్నా లేనట్టే అత్తా. నన్ను కూడా కలుపుకో."

గొల్లుమని నవ్వారు. అప్పుడే మొదటి లారీ కదిలింది. సోడామ్మ ఎదురు నడిచింది. లారీ ఆగింది. డ్రైవరు దిగి, కూర్చుని, సోడా తాగి మళ్ళీ ఎక్కాడు. ఇంజను గర్జించింది. ఈసారి ఇంకొకామె ఎదురు నడిచింది. మళ్ళీ బ్రేకు.

"ఇదేంటత్తా! తాగానుగా!"

"అది నా దోషానికిరా. ఇది ఆమె దోషానికి. దిగు."

వెనక లారీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. డ్రైవర్లు మొదట తిట్టారు, తర్వాత నవ్వారు, తర్వాత దిమ్మ మీద వరసగా కూర్చుని తేన్పుల పోటీ పెట్టుకున్నారు. ఒక పెద్ద డ్రైవరు మేనేజరుతో అన్నాడు: "సార్, యాక్సిల్ విరిగింది ఓవర్‌లోడు వల్ల. మా నోట్లో మాట పెట్టొద్దు." పక్కగేటు అమ్మాయి మాత్రం రాలేదు. గోడ వెనక నుంచి మెడలోని చెక్కని పట్టుకుని చూస్తూ నిలబడింది. సోడామ్మ ఒకసారి అటు చూసింది కానీ పిలవలేదు.

ఎండ ముదిరాక మేనేజరు దిగివచ్చాడు. "సరే, ఉండు. గేటు పక్కన కూర్చో. ఎదురు మాత్రం రావొద్దు."

"పక్కన కూర్చుంటే నేను ముష్టిదాన్ని. ఎదురొస్తేనే సోడామ్మని. వస్తా."

మేనేజరు వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు డైరీలో, ఎండ, ధర రాసే చోట కూడా ఇదే రాశాను.

ఎర్ర ఫ్రిజ్ వచ్చింది. దానిలో సీసాలు చల్లగా, అందంగా మెరిసేవి. సోడామ్మ దానికి ఎదురుగా పెట్టె పెట్టుకుని ఇంకా ఏళ్ళపాటు అమ్మింది. సంపాదించింది పెద్దగా లేదు. ఊళ్ళో గోలీ సోడాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. రబ్బరు ఉంగరాలు దొరకడం కష్టమైంది, సీసాలు పగిలినవి పగిలినట్టే తగ్గాయి. ఆమె మాత్రం దగ్గుతూ కూడా పిడి తిప్పేది. కిందటి నెల నన్ను పిలిచి పొట్లాలు ఎన్ని మిగిలాయో చూడమంది. "అయిపోకముందే తెచ్చి ఉంచండన్నయ్యా. నేనున్నా లేకపోయినా, గేటు దగ్గర సోడా ఉండాల" అంది. నేను తెచ్చాను. ఆమె వాటిని వాడలేదు.

ఆమె పోయిన రెండో రోజుకే టీకొట్టు యజమాని ఆమె పెట్టె పెట్టుకునే చోటికి తన బల్లలు జరిపాడు. మేనేజరు గేటు దగ్గర నిలబడి, "ఇక ఆ గొడవ తీరినట్టే" అన్నాడట. మూడో రోజు పొద్దున్న నలుగురు ఆడవాళ్ళు మా వీధి గేటు తోసుకుని వచ్చారు. పక్కగేటు అమ్మాయి అందరికన్నా వెనక ఉంది. ఇప్పుడామె పిల్ల కాదు, కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. చెక్క మాత్రం మెడలోనే ఉంది.

"బాబాయ్, మిషను తీయండి" అన్నారు.

"మైల కదమ్మా, పెద్దకర్మ కానీండి" అంది మా ఆవిడ.

"పెద్దకర్మ దాకా ఆగితే ఆ జాగాలో బల్లలు పాతుకుంటాయి పిన్నీ. ఆమె అయితే ఆగేదా?"

మా ఆవిడే వెళ్ళి గోనెపట్టా తడిపి తెచ్చింది. నేను పొట్లాలు విప్పాను, సున్నపుతేట వంచాను. ఆమె పోయిన రోజు నుంచీ కుండల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి, వాటిని పారబోసి కొత్తవి పోశాం. ఒకామె సీసాలు బిగించింది. పక్కగేటు అమ్మాయి పిడి పట్టుకుంది. నాలుగు తిప్పులు తిప్పి తొంగి చూసి కెవ్వుమంది.

"బాబాయ్! తెల్లబడ్డాయి! పాడైపోయాయి!"

"ఆపొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంకా తిప్పు."

తిప్పింది. చెమటలు పట్టేదాకా తిప్పింది. నీళ్ళు తేటపడ్డాయి. సీసా దించి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గోలీ కదల్లేదు. మొదటి సీసా నేను అడిగాను, నాకు ఇవ్వలేదు. తనే తాగింది. నిలబడి, కళ్ళు మూసుకుని. మేమందరం ఎదురుచూశాం. తేన్పు వచ్చింది. చిన్నదే, సిగ్గుపడుతూ వచ్చినట్టు వచ్చింది.

"ఉప్పు చాలదు. అత్త చేసిందిలా లేదు" అంది.

నిజమే. ఆమె చేసినట్టు లేదు. మళ్ళీ కలిపాం.

పెట్టెలు మోసుకుని గేటుకి వెళ్ళేసరికి లారీలు బయల్దేరే వేళయింది. నేను రిటైరైనవాణ్ణి, కర్ర పట్టుకుని వెనక నడిచాను. మొదటి లారీలో, అప్పట్లో యాక్సిల్ సంగతి మేనేజరుకి చెప్పిన ఆ పెద్ద డ్రైవరే ఉన్నాడు. గేటు దగ్గర బండి నెమ్మది చేసి, అలవాటుగా హారన్ కొట్టి, ఖాళీగా ఉన్న దారి వైపు చూశాడు. తర్వాత నన్ను చూసి తల బయటికి పెట్టాడు.

"ఎదురొచ్చే మనిషి లేదు కదా బాబాయ్. ఇంకెందుకు దిగడం?"

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. టీకొట్టు యజమాని ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. లారీ మెల్లగా కదిలింది.

అప్పుడు పక్కగేటు అమ్మాయి నెత్తిన పెట్టెతో గేటు మధ్యలోకి నడిచింది. అన్ని సంవత్సరాలుగా గోడ వెనక నిలబడిన మనిషి. లారీ ముక్కుకి రెండు అడుగుల దూరంలో ఆగింది. బ్రేకు కీచుమంది. పెట్టె దింపి, నడుం మీద చెయ్యి వేసుకుంది. మెడలోంచి చెక్క తీసి సీసా మూతి మీద పెట్టి ఒక్క పోటు పొడిచింది. గోలీ టప్‌మని లోపలికి పోయింది, గ్యాసు బుస్సుమంది.

"నేనున్నా కదరా" అంది, గట్టిగా. "దిగు. కూర్చో. తాగి పో."